డబ్బా పోయింది, ఆట పోతుందా?

గొలుసు తాత జవాబులు, అనంతపురం నుంచి

ముప్పై ఏళ్లకు పైగా సర్వే శాఖలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో ముప్పాతిక వంతు గట్టు తగాదాలే. "పక్క చేనాయన రాయి జరిపినాడు, ఏం చెయ్యాల?" ఈ నెల వాటికి సెలవు. రెండు సంచికల కిందట మాటవరసకు మా మనవడి జియోకాషింగ్ గురించి నాలుగు ముక్కలు రాశాను. అంతే, దాని మీదే ఉత్తరాలు వచ్చి పడ్డాయి.

తెలియనివాళ్లకు ఆట ఏమిటో చెప్తాను. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు ఆప్‌లో పెడతారు. ఇంకొకరు ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెతుక్కుంటూ పోతారు. దొరికితే లోపలున్న చిన్న పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బా ఉన్నచోటే పెట్టి వస్తారు. లోపలి బొమ్మో బిళ్లో తీసుకుంటే దానికి సరిపోయేది ఇంకొకటి పెట్టాలి. ఆ డబ్బాను కాష్ అంటారు.

"మేము నలుగురం ఇంజినీరింగ్ చదువుతున్నాం. పోయిన ఏడాది ఈ ఆట మొదలుపెట్టినాం. మా చుట్టుపక్కల ఉన్నవే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలోనూ కొన్ని దొరకలేదు. ఒకటైతే గండికోట దగ్గరిది అని రాసుకొని పోతే ఫోన్ పులివెందుల వైపు తిప్పింది. మేమే ఒక డబ్బాలో చాక్లెట్లు, కీచైన్లు వేసి కోటలో దాచినాం. మూడు వారాల్లో మాయం. మా సీనియర్లు 'చచ్చిపోయిన ఆట, వదిలేయండి' అంటాండారు. నిజంగా దీనికి ముందు కాలం ఉందా? ఆప్‌లో ప్రీమియం సభ్యత్వానికి డబ్బు కట్టమంటారా?" (ప్రొద్దుటూరు నుంచి ఒక విద్యార్థి)

అబ్బీ, డబ్బు మాట ముందు తేల్చేస్తాను. కట్టొద్దు. డబ్బు కట్టినవాళ్లకే కనిపించే డబ్బాలు కొన్ని ఉంటాయి, నిజమే. మీ చుట్టూ మొత్తం కలిపి పది కూడా లేనప్పుడు కొత్తగా కనిపించేవి ఎన్ని? చదువైపోయి ఏ జర్మనీకో పోయినప్పుడు కట్టుకోండి. ఇప్పటికి ఆ డబ్బుతో నలుగురూ కారం దోసె తినండి.

పులివెందుల కథ చదివి చాలాసేపు నవ్వుకున్నాను. తప్పు ఫోన్‌ది కాదు. ఈ ఆటలో చోటును డిగ్రీలు, నిమిషాలు, ఆ నిమిషానికి దశాంశాలుగా రాస్తారు. గండికోట దగ్గర 14 డిగ్రీల 48.8 నిమిషాలు అని ఉందనుకోండి. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి ఉత్త దశాంశాల్లో అది 14.813 అవుతుంది. మీరు చూసింది చూసినట్టు 14.488 అని కొట్టి ఉంటారు. ఆ తేడా భూమ్మీద దాదాపు 36 కిలోమీటర్లు. గండికోటకు దక్షిణంగా అంత దూరం పోతే పులివెందుల దరిదాపులకు కాక ఇంకెక్కడికి పోతారు? ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం నేనూ ఇట్లాంటి తప్పే చేసి ఒక రైతు బావిని పక్క ఊళ్లో చూపించాను. ఆ బావి పేరుతో నన్ను చాలా కాలం ఏడిపించారు.

ఇంకో మాట. నిమిషంలో మూడో దశాంశం అంటే నేల మీద రెండు మీటర్ల లోపే. అంకెలు అంత సన్నంగా కనిపిస్తున్నాయని ఫోన్‌ను నమ్మొద్దు. రాతి గోడల పక్కన, చెట్ల కింద పది మీటర్లు అటూ ఇటూ చూపించడం మామూలే. బాణం గుర్తు గిరగిరా తిరగడం మొదలుపెట్టిందంటే ఫోన్ జేబులో పెట్టి, "నేనైతే ఎక్కడ దాస్తాను?" అని చుట్టూ చూడాలి. కొట్టొచ్చినట్టు పేర్చిన రాళ్లు, ఎండిన కొమ్మలు అడ్డం పెట్టిన సందు, అట్లాంటివి.

ఇక అసలు ప్రశ్న. ఈ ఆట పుట్టిందే ఒక తప్పును తీసేయడంతో. అమెరికా సైన్యం మామూలు జనానికి వచ్చే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలనే తప్పు కలిపేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే మొదట్లో అధ్యక్షుడు క్లింటన్ ఆజ్ఞతో దాన్ని ఆపేశారు. మే 3నే ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్ దాచి, అంకెలు నలుగురికీ చెప్పాడు. నిజంగా ఎంత దగ్గరగా చూపిస్తుందో చూద్దామని. మొదట కనిపెట్టింది మైక్ టీగ్ అనే ఆయన. ఆ ఏడాది సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ దానికి ఒక వెబ్‌సైటు పెట్టాడు. ఆ మే నెలలో నేను రాప్తాడు ఎండలో ఇద్దరు చైన్‌మన్లతో భూమి కొలిచే గొలుసు లాగిస్తున్నాను. ఆకాశంలో ఏదో ఒక స్విచ్ ఆపేశారని, దానివల్ల నా పని తీరే మారుతుందని మాకు ఎవరు చెప్తారు? ఇప్పుడు రీసర్వేకు వచ్చే పిల్లలు రోవర్ అని, ఉపగ్రహాల సిగ్నల్ అందుకునే కొలత పరికరం నిలబెట్టి సెంటీమీటర్ల లెక్కలో కొలిచేస్తున్నారు.

చచ్చిపోయింది అన్న మీ సీనియర్లది తప్పు. ప్రపంచం మొత్తం మీద 30 లక్షలకు పైగా కాష్‌లు ఉన్నాయి. అంటార్కిటికాలో ఉంది. 2008లో ఒకటి అంతరిక్ష కేంద్రానికి కూడా చేరింది. ఆట చావలేదు, దానికి రోగం వచ్చింది. లెక్కల రోగం. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలని నియమం. ఈ 161 ఏం అంకె అని మొదట నాకు అర్థం కాలేదు. అడుగుల్లోకి మారిస్తే 528. మా గుంటర్ గొలుసు 66 అడుగులు కదా, సరిగ్గా 8 గొలుసులు! మైలులో పదో వంతు. సరే, విషయానికొస్తా. అమెరికా ఎడారి రోడ్ల వెంట కొందరు 161 మీటర్లకొకటి చొప్పున వందల కొద్దీ డబ్బాలు పరిచేశారు. కారు దిగడం, సంతకం, కారెక్కడం. రోజుకు ఎన్ని కొట్టామన్నదే గొప్ప. వాటిలో చాలావరకు ఫోటో రీలు వచ్చే చిన్న డబ్బీలు. ఇప్పుడు ఆ రీళ్లే అరుదైపోయాయి. (దాచుకునేవాళ్లకు నా సలహా: తాంబూలం సున్నం డబ్బీ. మర మూత, రేకు ఒళ్లు, కాగితం చుట్ట సరిగ్గా పడుతుంది.)

2016లో పోకెమాన్ గో అనే ఫోన్ ఆట వచ్చాక ఫోన్ పట్టుకొని వీధుల్లో తిరిగే సరదాకు డబ్బానే అవసరం లేకుండా పోయింది. జియోకాషింగ్ నడిపేవాళ్లు కూడా అడ్వెంచర్ ల్యాబ్ అని, డబ్బా లేకుండా, చోటు చేరి ప్రశ్నకు జవాబు కొట్టే పద్ధతి తెచ్చారు. దాన్ని తప్పుపట్టను. కానీ చేతికి ఒక వస్తువు తగలకపోతే నాకు ఆట అనిపించదు. నాకంటే ముందు ఇక్కడికి వచ్చి వణుకుతున్న పెన్సిల్‌తో పేరు రాసినవాడి చేతిరాత చూడాలి నాకు.

మరి డబ్బాకు ముందు కాలం ఉందా? నా అనుభవం చెప్తాను, మీరే తేల్చుకోండి.

2018 సంక్రాంతికి మనవడు వచ్చి మా ఊరి గుట్ట మీద ఒకటి పెట్టాడు. నాలుగు క్లిప్పుల ఆకుపచ్చ లంచ్ బాక్స్. లోపల జిప్ కవర్లో చిన్న నోటుపుస్తకం, పెన్సిల్, ఒక నిమ్మలకుంట తోలుబొమ్మ. పుస్తకంలో పెట్టుకునే సైజుది. "చూస్తా ఉండు తాతా" అని విమానం ఎక్కేశాడు. పెట్టినవాడే కనిపెట్టుకొని ఉండాలన్నది ఆటలో నియమం. అది నా మెడకు పడింది. జూన్ తర్వాత ఇద్దరు వరసగా "దొరకలేదు" అని రాశారు. మోకాళ్లు పట్టుకొని గుట్ట ఎక్కాను. డబ్బా పెట్టినచోట లేదు. రెండు గజాల అవతల చరియ కింద ఉంది. క్లిప్పులు తీస్తే గుప్పున బీడీ వాసన. ఒక బీడీ కట్ట, అగ్గిపెట్టె, మడిచిన పది రూపాయల నోటు. తోలుబొమ్మ అట్లే ఉంది. పెన్సిల్ బొటనవేలంత అయింది. నోటుపుస్తకంలో ముందు ఐదు పేజీలు లేవు.

పేజీలు ఎక్కడికి పోయాయో తెలియాలంటే ఆ బీడీ కట్ట గలాయన వచ్చేదాకా కూర్చోవాలి. కూర్చున్నాను. సాయంత్రం గొర్రెలు తోలుకొని దిగుతూ కనిపించాడు. "మీదా సామీ? వానకు అగ్గిపెట్టె తడవకుండా శానా బాగుంది. కాయితం ఒగటి రెండు ముట్టించుకుంటి" అన్నాడు, దాపరికం లేకుండా. నాకు కోపం రాలేదు. మరుసటి వారం అట్లాంటిదే ఇంకో డబ్బా ఆయనకు కొనిచ్చాను. మా డబ్బా బాధ్యత అప్పగించాను. అప్పటి నుంచి ఎవరన్నా ఫోన్ చూసుకుంటా గుట్ట మీద తిరిగితే నాకు మిస్డ్ కాల్. వాళ్లు దొరకలేదని నిరాశగా దిగబోతే, "ఆ తెల్ల రాయి ఎనక సూడు సామీ" అని ఆయనే చూపించేవాడు. ఆట నియమాల ప్రకారం ఇది తొండి. పర్వాలేదు. కరోనా రెండేళ్లు ఎవరూ రాలేదు, డబ్బా మాత్రం చెక్కుచెదరలేదు. 2022లో ఆయన గొర్రెలు అమ్మేసి, కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయాడు. రెండు నెలలు తిరక్కముందే డబ్బా లేదు.

సర్వే రాళ్ల సంగతీ ఇంతే. నా సర్వీసులో ఎన్ని రాళ్లు పాతించానో లెక్కలేదు. లోతుగా పాతినవి, సిమెంటు వేసినవి కూడా ట్రాక్టరుకు తగిలి పోయాయి. నిలిచినవి ఎవరికో ఒకరికి పని ఉన్నవి. ఒక గుట్ట మీద సర్వే రాయికి ఎవరో ఏటా పసుపు రాసి కుంకుమ పెడుతున్నారు. అదొక దేవుడు అయిపోయాడు. దాన్ని ఎవడు పీకుతాడు? కాబట్టి నన్నడిగితే ఈ ఆటను నిలిపేది కొత్త ఆప్‌లూ ఉపగ్రహాలూ కాదు. ఒక్కో డబ్బాకు నడిచిపోయేంత దూరంలో ఒక మనిషి ఉన్నాడా లేదా అన్నదే. యూరప్‌లో ఆ మనిషి ఆట ఆడేవాడే, వారాంతంలో సైకిల్ మీద పోయి తడిసిన కాగితం మార్చి వస్తాడు. మన దగ్గర ఆడేవాళ్లు తక్కువ కాబట్టి ఆ మనిషి గొర్రెల కాపరో, గుడి పూజారో, టీ కొట్టాయనో కావాలి. రహస్యం పోతుందని భయపడకండి. వాళ్లకు చెప్పకపోతే డబ్బానే పోతుంది.

ఇప్పుడు మీ కోట డబ్బా. కోటలో పెట్టడమే తప్పు. అది పురావస్తు శాఖ వాళ్ల రక్షణలో ఉన్న చోటు. స్థలం గలవాళ్ల అనుమతి లేకుండా దాచకూడదని ఆటలోనూ నియమం ఉంది. రెండోది, చాక్లెట్లు! ఆ కోతుల మధ్య చాక్లెట్ల డబ్బా మూడు వారాలు ఆగిందంటేనే నాకు ఆశ్చర్యంగా ఉంది. తినేవి పెట్టకూడదన్నది అందుకే. (ఉల్మర్ మొదటి బకెట్‌లో చిక్కుడు గింజల టిన్ను పెట్టాడు, అది వేరే సంగతి. ఆ బకెట్‌ను సగం భూమిలో పాతాడు కూడా. ఇప్పటి నియమాల ప్రకారం పాతడం కుదరదు, అంటే ఆట పుట్టించిన డబ్బానే ఈరోజు ఒప్పుకోరు.) మూడోది, మీరు దాచింది నల్ల టేపు చుట్టిన స్టీలు డబ్బా కాదు కదా? మన సీమలో దారి పక్కన అట్లాంటిది కనిపిస్తే జనం ఏమనుకుంటారో ప్రొద్దుటూరు పిల్లలకు నేను చెప్పాల్నా. లోపలిది కనిపించే ప్లాస్టిక్ డబ్బా వాడండి. మూత మీద తెలుగులో "ఇది ఆట డబ్బా, లోపల పుస్తకం పెన్సిల్ మాత్రమే" అని రాయండి. పెట్టేది మీ వీధిలోనో, మీ వాళ్ల తోటలోనో. ఏప్రిల్, మే ఎండకు పలచటి మూత పెళుసెక్కి పగిలిపోతుంది, నీడ పట్టు చూసుకోండి.

"మా చిన్నోడు హైదరాబాదులో ఉద్యోగం. ఉగాదికి వచ్చి రాత్రి పూట టార్చిలైటు పట్టుకొని ఊరి బయట పాత గుడి ఎనక రాళ్లు ఎత్తి చూస్తా ఉంటే, గుప్తనిధుల బ్యాచ్ అని ఊరివాళ్లు పట్టుకున్నారు. పెద్దమనుషులు చెప్పి విడిపించినారు. వాడేమో నవ్వుతాండాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఈ ఆట నేరమా?" (నంద్యాల దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి)

అమ్మా, ఆట నేరం కాదు. మీవాడు వెళ్లిన వేళా, చోటూ తెలివితక్కువ. ఊరివాళ్ల మీద నాకు కోపం లేదు. నంది పొట్ట ఉలితో పగలగొట్టిన గుళ్లు, ధ్వజస్తంభం మొదలు తవ్వేసిన గుళ్లు నేను సర్వేకు పోయిన ఊళ్లలో చూశాను. అట్లాంటి చోట రాత్రి టార్చి కనిపిస్తే జనం ఊరుకుంటారా?

చట్టం మాటకు వస్తే, 1878 నాటి నిధుల చట్టం ఒకటి ఉంది. భూమిలో దాగిన విలువైన వస్తువు ఏదైనా, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. పది రూపాయలే! మా కాపరి బీడీ కట్ట కూడా దాటేస్తుంది. అది భూమిలో దొరికినదానికి. ఈ ఆటలో తవ్వడమే నిషేధం, తవ్వకుండా దొరకని డబ్బా ఉంటే అది తప్పు డబ్బా. మీవాడికి నా మాటగా చెప్పండి: పగలు పోవాలి, ఒక్కడే పోకూడదు, ముందు ఊళ్లో ఒకరికి చెప్పి పోవాలి. గుడి గోడ రాయి ఒక్కటి కూడా కదపకూడదు. ఇంకోటి, వాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది, ఆ రాళ్ల కింద తేలు పట్టుకొని ఉంటే? చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టమనండి.

"తొలకరి పడితే మా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. దొరికితే లక్షలు. మీరేమో ప్లాస్టిక్ డబ్బా వెతకమంటాండారు. పిచ్చి ఎవరికి?" (పత్తికొండ నుంచి)

ఇద్దరికీ. వజ్రం దొరికినాయన ఎవరికీ చెప్పడు, డబ్బా దొరికినాయన పేరు రాసి అక్కడే పెట్టి వస్తాడు. చేను గలాయన లెక్కలో మాత్రం ఇద్దరూ ఒకటే, విత్తనం వేసిన చాళ్లు తొక్కేవాళ్లే.

"ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఏడో తరగతి పిల్లలకు ఈ ఆట నేర్పాలని ఉంది. బడిలో పిల్లలకు ఫోన్లు లేవు, నాకూ ఇష్టం లేదు. ఫోన్ లేకుండా కుదురుతుందా?" (కళ్యాణదుర్గం నుంచి ఒక టీచరమ్మ)

కుదరకపోవడం ఏమిటమ్మా, అసలు మొదట అట్లే ఉండేది. జియోకాషింగ్‌కు దాదాపు నూటయాభై ఏళ్ల ముందే, 1854లో, ఇంగ్లండులో డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతంలో జేమ్స్ పెరాట్ అనే ఆయన ఒక సీసా పెట్టాడు. అక్కడిదాకా నడిచినవాళ్లు తమ చీటీలు అందులో వేసేవాళ్లు. దాన్నుంచి పుట్టిందే లెటర్‌బాక్సింగ్. అంకెలు ఉండవు, ఆనవాళ్లు ఉంటాయి. ప్రతి డబ్బాలో ఒక రబ్బరు ముద్ర ఉంటుంది, దొరికినవాళ్లు తమ పుస్తకంలో ఆ ముద్ర గుద్దుకొని వస్తారు.

మీకు రబ్బరు ముద్రలు అక్కర్లేదు. బెండకాయ అడ్డంగా కోసి సిరాలో అద్దితే పువ్వు పడుతుంది, ఉల్లిగడ్డ కోస్తే సున్నాలో సున్నా. ఒక్కో జట్టుకు ఒక్కో కూరగాయ. ఇక కొలత నేర్పండి. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు. అదే మా పాత గొలుసు. ఈ మాట చెప్తే మగపిల్లలు ఒక్కసారిగా లేచి కూర్చుంటారు. మైదానంలో ఒక గొలుసు పొడవు ముగ్గు గీత గీసి, ఒక్కొక్కరికీ ఎన్ని అడుగులు పడుతున్నాయో రాసుకోమనండి. ఇక ప్రతివాడికీ సొంత కొలబద్ద కాళ్లకే ఉన్నట్టు. "వేపచెట్టు మొదలు నుంచి ఉత్తరానికి రెండు గొలుసులు, అక్కడి నుంచి పొద్దు పొడిచే దిక్కుకు అర గొలుసు." ఇంతే చీటీ. రెండు జట్లకు అడుగులు తేడా వచ్చి కొట్లాడుకుంటారు. కొట్లాడనివ్వండి, నా సర్వీసంతా అదే.

పిల్లలతో బేలం గుహలకు ఎప్పుడన్నా పోతే అక్కడ ఇంకో రకం ఆడించవచ్చు. ఎర్త్‌కాష్ అంటారు, 2004లో మొదలైంది. డబ్బా ఉండదు, రాళ్లనూ నేలనూ చూసి జవాబు చెప్పాల్సిన ప్రశ్నలే ఉంటాయి. బేలం గుహ 3,229 మీటర్లు, నీళ్లు సున్నపురాయిని కరిగించి చేసిన దారి. గోడ మీద నీళ్లు ఎంత ఎత్తున పారాయో గుర్తులు ఎక్కడున్నాయి, నీళ్లు ఎటు నుంచి ఎటు పోయి ఉంటాయి, అని అడిగి వదిలేయండి. గైడు చెప్పకముందే చెప్పాలి అని షరతు.

"రైల్వేలో రిటైరయ్యాను. డబ్బాలు పెట్టే ఓపిక, కాపలా కాసే ఓపిక లేదు. ఎవరూ ఎత్తుకుపోలేని చోటు ఏదన్నా ఉంటే చెప్పండి, ఒక్కసారి పోయి వస్తా." (గుంతకల్లు నుంచి)

ఉంది సార్, మీకు దగ్గర్లోనే. అక్షాంశం, రేఖాంశం రెండూ చిల్లర లేకుండా పూర్తి డిగ్రీలయ్యే చోట్లకు పోయి ఫోటోలు తీసే పని 1996 నుంచి ప్రపంచంలో కొందరు పెట్టుకున్నారు. ఆ బిందువుకు వంద మీటర్ల లోపల చేరితే చాలు, చేరినట్టే. నాలుగు దిక్కులా నాలుగు ఫోటోలు, జీపీఎస్ తెర ఫోటో ఒకటి. 15 డిగ్రీల ఉత్తరం, 78 డిగ్రీల తూర్పు కలిసే బిందువు తాడిపత్రికి ఉత్తరంగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో పడుతుంది. అక్కడ గుర్తు ఏమీ లేదు. ఎత్తుకుపోయేదీ లేదు.

పోయిన జనవరిలో నేనూ మా తమ్ముడి కొడుకూ బండి మీద పోయాం. రేఖాంశం సరిగ్గా కుదిరింది, అక్షాంశం 14.9994 దగ్గర గట్టు అడ్డం వచ్చింది. ఇంకా దాదాపు 66 మీటర్లు. గట్టుకు అవతల శనగ చేను, కాయ పట్టి ఉంది. తొక్కబుద్ధి కాలేదు, వంద మీటర్ల లోపలే ఉన్నాం కదా అని అక్కడే నిలబడి ఫోటోలు తీశాం. చేనాయన చూసి గబగబా వచ్చాడు. "ఏం సార్, రోడ్డు పడతాందా? సోలారోళ్లా?" నా ఉద్యోగం అయిపోయినా ఆ చూపు నన్ను వదల్లేదు. ఫోన్ చేతిలో పట్టుకొని పొలంలో నిలబడినవాడు ఎవడైనా భూమి తీసుకోవడానికే వచ్చినట్టు. కాదప్పా, ఇక్కడ రెండు గీతలు కలుస్తాయి, చూసిపోదామని వచ్చినాం అన్నాను. ఆయన చేను వైపు చూసి, "యాడ? నాకేం కనపల్ల్యా" అన్నాడు. గీతలు కనిపించవని చెప్పాను. "దీనికేమన్నా దుడ్లిస్తారా?" ఇవ్వరన్నాను. కాసేపు మా ఇద్దరి మొహాలూ చూసి, చేనులోకి దిగి రెండు గుప్పిళ్ల పచ్చి శనగ పీకి తెచ్చి చేతిలో పెట్టాడు.

మీరు వెళ్తే కోతలయ్యాక వెళ్లండి, నడిచి బిందువు మీదికే పోవచ్చు. ఫోన్ వెనక కవర్‌లో మీ పేరూ ఊరూ రాసిన చీటీ ఒకటి పెట్టుకోండి, అడిగినవాళ్లకు చూపించడానికి.